ఇల్లు మారుటయా, ఇల్లు పోగొట్టుకొనుటయా?

ప్రజల సొత్తును ఒకచోటినుండి మఱియొకచోటికి చేర్చుట యెన్నడును చిన్నపని గాదు. సొత్తు కంటికి కనబడునదైనచో నలుగురు నిలబడి చూతురు. బండికెక్కించినదెంత, దించినదెంత యని లెక్క యడుగుదురు. కంటికి కనబడని సొత్తైనచో అడుగువాడే యుండడు. నేడు మన గ్రంథాలయములు, సభలు, కళాశాలలు, న్యాయస్థానములు, భూమి దఫ్తరములు తమ చరిత్రను, తమ వ్యవహారమును వెబ్‌సైట్లలో భద్రపఱచుకొనుచున్నవి. అట్టి వెబ్‌సైటు ఒక హోస్టింగు సంస్థ సర్వరునుండి మఱియొక సంస్థ సర్వరునకు తరలు వేళ, "ఏమున్నది, ఒక రాత్రి పని" యని కార్యదర్శి మొదలు కాంట్రాక్టరు వఱకు అందఱును తేలికగా తీసివేయుచున్నారు. ఈ తేలికతనమే మా యాక్షేపణకు గుఱి. తరలింపు వలదని మేమనుట లేదు. కిరాయి హెచ్చినను, ఇల్లు ఉరిసినను, యజమాని నమ్మదగనివాడైనను ఇల్లు మారవలసినదే. కాని లెక్కలేని తరలింపునకును, దోపిడికిని ఫలమొక్కటేయని మాత్రము నిస్సంకోచముగ చెప్పుచున్నాము.

మూసీ యిరుగట్ల నివసించు పట్టణవాసులకు తరలింపన నేమో తెలియనిది గాదు. ఉత్తరపు గట్టున అఫ్జల్‌గంజిలోనున్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము 1891లో ఆసఫియా గ్రంథాలయమను పేర వేఱొకచోట నెలకొని, 1936లో నేటి భవనమునకు వచ్చినది. దక్షిణపు గట్టున సాలార్‌జంగు మ్యూజియము 1951 డిసెంబరు 16వ తేదీన దివాన్ దేవిడిలో తెఱువబడి, 1968లో నేటి భవనమునకు తరలినది. గ్రంథాలయమన్న పుస్తకమున కొక సంఖ్య, మ్యూజియమన్న వస్తువున కొక సంఖ్య. ఆ పట్టిక చేతబట్టుకొనియే గడప దాటవలెను, ఆ పట్టిక చేతబట్టుకొనియే క్రొత్త గడప త్రొక్కవలెను. పట్టిక లేకుండ సరకు కదలించిన అధికారిని ఏ ప్రభుత్వమైనను క్షమించునా? మఱి వెబ్‌సైటు విషయమున ఆ పట్టిక యెక్కడ?

ముందుగా విషయమును విప్పి చెప్పుదము. వెబ్‌సైటునకు మూడంగములు గలవు. మొదటిది పేరు, దీనినే డొమైను పేరందురు. రెండవది సరకు; వ్రాతలు, చిత్రములు, పట్టికలు, వానిని క్రమమున నిలుపు డేటాబేసు. మూడవది ఇల్లు, అనగా ఆ సరకు నివసించు సర్వరు. పేరునకును ఇంటికిని నడుమ డీఎన్ఎస్ అను చిరునామా పుస్తకమొకటి యున్నది. పాఠకుడు పేరు పలికిన తోడనే ఆ పుస్తకము ఇంటిని చూపును. ఇల్లు మారిననాడు ఆ పుస్తకములో క్రొత్త యింటి గుఱుతు వ్రాసిన చాలును. పేరు మారనక్కఱలేదు, పాఠకునకు తెలియనే నక్కఱలేదు. పేరు వేఱు, సరకు వేఱు, ఇల్లు వేఱు అను నీ చిన్న సత్యము తెలియకపోవుటచేతనే మన సంస్థలు మూటికి మూటిని ఒక్కని చేత పెట్టి నిశ్చింతగా నిద్రించుచున్నవి.

పేరు సంగతి చూడుడు. పఠనమందిరములలో, కులమత భేదములేని సేవాసంఘములలో, పూర్వవిద్యార్థి సభలలో మాకు తఱచుగా తటస్థించు కథ యొక్కటే. పదిపదునైదేండ్ల క్రిందట ఉత్సాహవంతుడైన యువకుడొకడు సైటు కట్టి యిచ్చును. పేరు అతని సొంతపేరనే నమోదగును, పాస్‌వర్డు అతని తలలోనే యుండును, ఏటేటి రుసుము అతని కార్డునుండియే చెల్లును. సభకు ధర్మకర్తలున్నారు, కోశాధికారి యున్నాడు, తాళపుచెవికి ప్రత్యేకముగ రిజిస్టరున్నది. వెబ్‌సైటు తాళమునకు మాత్రము రిజిస్టరు లేదు. ఆ యువకుడు ఉద్యోగము దొఱకి దేశాంతరము పోవును. రుసుము గడువు దాటును. గడువు దాటిన పిదప కొన్ని వారములు మాత్రమే పాత యజమానికి అవకాశముండును. ఆపై ఆ పేరును లోకములో ఎవ్వడైనను కొనవచ్చును. సరస్వతీ నిలయమని వెలసిన పేరునే జూదగాండ్రు కొని తమ యంగడి తెఱచిననాడు, ఆ సభ సభ్యులు ఎవరిని దూషింపగలరు? చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న నేమి లాభము?

ఇది చిన్న సభలకు మాత్రమే చుట్టుకొనునది గాదు. 2024లో తెలంగాణ రాష్ట్రపు సంక్షిప్తనామము "టీఎస్" నుండి "టీజీ"కి మారెను. ఆర్టీసీ, పబ్లిక్ సర్వీస్ కమీషను, విద్యుత్ పంపిణీ సంస్థలు తమ పేళ్లు మార్చుకొనెను. పేరుతో బాటు వెబ్ చిరునామాలు మార్చుకొన్న సంస్థలును గలవు. పేరు మార్పు ప్రభుత్వపు హక్కు. దానిని మేమిచట విచారింపము. కాని పేరు మార్చిన సంస్థ కొక ధర్మమున్నది: పాత పేరును విడువరాదు. విద్యార్థి తన పుస్తకములో వ్రాసికొన్న చిరునామా, గృహిణి విద్యుత్ రసీదుమీద ముద్రింపబడిన చిరునామా, వార్తాపత్రికలో అచ్చుపడిన చిరునామా, ఇవన్నియు పాత పేరునకే దారితీయును. "గవ్ డాట్ ఇన్" అని ముగియు పేళ్లు ప్రభుత్వ సంస్థలకే దక్కును గనుక అంత భయము లేదు. "కామ్" అనియు "ఆర్గ్" అనియు ముగియు పేళ్లు బజారు సరకు. బిల్లు చెల్లింప వచ్చినవాడు పాత పేరు తట్టి దొంగ యింట దిగెనేని, ఆ పాపము పేరు విడిచినవారిది గాదా?

ఇక మన కన్నుల యెదుట జరిగిన మహత్తరమైన తరలింపు నొకదానిని గైకొందము. 2020 అక్టోబరు 29వ తేదీన "ధరణి" యను భూమి దఫ్తరపు వెబ్‌సైటు తెలంగాణమున ప్రారంభమయ్యెను. వ్యవసాయభూముల క్రయవిక్రయములు, రిజిస్ట్రేషను, మ్యుటేషను దాని గుండానే సాగెను. నిర్వహణ ఒక ప్రైవేటు సంస్థ చేత నుండెను. 2024 చివర ప్రభుత్వమా నిర్వహణను తప్పించి, 1976లో స్థాపితమైన కేంద్ర ప్రభుత్వ సంస్థయగు నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరునకు, అనగా ఎన్ఐసీకి, అప్పగించెను. పిమ్మట క్రొత్త చట్టము ననుసరించి 2025 ఏప్రిల్ 14వ తేదీన "భూభారతి" వెలువడెను. దానిని తొలుత మద్దూరు, లింగంపేట, వెంకటాపూర్, నేలకొండపల్లి అను నాలుగు మండలములలో పరీక్షించి, తరువాత తక్కిన మండలములకు విస్తరించిరి.

మంచిని మంచియనుటకు మేము వెనుదీయము. ప్రజల దఫ్తరము ప్రజాసంస్థ చేతికి వచ్చుట మంచిది. ఒక్కసారిగా రాష్ట్రమంతటిమీద పడవేయక నాలుగు మండలములలో పరీక్షించుట ఇంకను మంచిది. అయినను న్యాయవాదవృత్తిలో నున్న మావంటివారికి ఒక ప్రశ్న నిద్రపట్టనీయదు. పహాణీ పుస్తకము పట్వారీ మూటలో నున్ననాడు ఆ మూట ఎవరి చంకలో నున్నదో ఊరంతయు నెఱుగును. ఆ యెఱుకయే రైతునకు కొంత రక్ష. నేడు పట్టాదారుని పేరు, సర్వే నంబరు, విస్తీర్ణము ఎవరి సర్వరులో ఏ షరతులమీద నివసించుచున్నవో ఊరిలో ఎందఱికి తెలియును? చేతులు మారునాడు ఎన్ని ఖాతాలు బయలుదేరెను, ఎన్ని చేరెను, వెంట రానివెన్ని యను లెక్క ప్రతి తహసీలు కార్యాలయపు గోడమీద అంటింపబడవలసినది. ఒక ఖాతాలో ఒక గుంట తగ్గెనా, అది యంత్రపు పొరపాటు గాదు. ఒక కుటుంబపు అన్నపుముద్ద. రెండెకరముల రైతు ఆ గుంటకై తహసీలు చుట్టు, కలెక్టరాఫీసు చుట్టు, తుదకు మా వకీళ్ల చుట్టు తిరిగి, గుంట వెలకు మించి ఖర్చుపెట్టుకొనును. ఆ రుసుముతో మా యిల్లు గడచునేమో గాని, దేశము గడవదు.

"ఇవి యన్నియు ఊహాభయములు, పెద్ద సంస్థలకు ఇట్టివి జరుగవు" అని నవ్వువారున్నారు. వారికి రెండు దృష్టాంతములు చాలును. 2003లో వెలసి ఒకప్పుడు లోకప్రసిద్ధమైన మైస్పేస్ అను అమెరికా సంస్థ, సర్వరుల తరలింపులో తన పాత సరకునంతయు పోగొట్టుకొన్నట్లు 2019 మార్చిలో బయటపడెను. అయిదుకోట్లకు పైబడిన పాటలు మాయమైనవని పత్రికలు లెక్కవేసెను. తరువాత ఇంటర్నెట్ ఆర్కైవు వారి ప్రయత్నమున దొఱకినవి సుమారు 4,90,000 మాత్రమే. అనగా నూటికొకటి. ఇంటిలో రెండవ నకలు దాచుకొనని యువగాయకుల తొలి రచనలు ఆ పెట్టెతోనే పోయినవి. పెట్టెనిండ ధనమున్న సంస్థకు నకలు పెట్టెమాత్రము లేకపోయెను.

రెండవది బ్రిటనులోని టీఎస్‌బీ బ్యాంకు. 2018 ఏప్రిల్‌లో ఆ బ్యాంకు తన ఖాతాలను పాత యజమాని యంత్రములనుండి క్రొత్త యంత్రములకు ఒక్కపెట్టున తరలించెను. సుమారు 19 లక్షలమంది ఖాతాదారులు తమ సొమ్ము తమకందక తలుపు వెలుపల నిలువవలసి వచ్చెను. అచటి నియంత్రణాధికారులు విచారణ జరిపి, 2022 డిసెంబరులో 4 కోట్ల 86 లక్షల పౌనులకు పైగా జరిమానా విధించిరి. అంతటితో విడువక, 2023లో ఆ బ్యాంకు సమాచారశాఖాధిపతికి వ్యక్తిగతముగ 81,620 పౌనుల జరిమానా వేసిరి. పాఠకులీ చివరి వాక్యమును మఱియొకసారి చదువవలెను. అచట తరలింపునకు బాధ్యుడొక్కడున్నాడు. అతనికి పేరున్నది, శిక్ష యున్నది. మన సంస్థలలో తరలింపు చెడినచో బాధ్యుడెవడు? "సర్వరు డౌను" అను రెండు మాటలే బాధ్యుడు!

తెలుగువారమైన మనకు తక్కినవారికి లేని గండము మఱియొకటి యున్నది. అది అక్షరగండము. యూనికోడు వ్యాప్తికి రాకమున్ను మన పత్రికలు ఒక్కొక్కటి ఒక్కొక్క సొంత లిపియంత్రముతో అక్షరములు కూర్చెను. ఆ ఫాంటు వెంటలేక సరకు మాత్రమే తరలినచో మిగులునది అర్థములేని గుఱుతులు. "పద్మ" వంటి లిపిమార్పిడి సాధనములను కల్పించిన స్వచ్ఛందసేవకుల పుణ్యమున ఆ రాతలు కొంత చదువ వీలయ్యెను. యూనికోడు వచ్చిన పిదపను గండము తీరలేదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతమునకు 3 బైట్ల చోటు కావలెను. వేలాది సైట్లు వాడు మైఎస్‌క్యూఎల్ అను డేటాబేసు 2018లో 8వ సంచిక వచ్చువఱకు, వేఱుగా చెప్పనిచో, సరకంతయు పశ్చిమ ఐరోపా అక్షరములేయని తలంచుచుండెను. పాత యింటిలో అలవాటుపడి ఎట్లో చెల్లిన తెలుగు, క్రొత్త యింటి గడప దాటగానే పిచ్చిగీతలగును. ఈ పిచ్చిగీతలు గుండెలు పగులగొట్టునవే గాని, నేర్పరి చేతబడిన తఱచుగా వానిని మరల తెలుగు చేయవచ్చును. కాని ప్రశ్నార్థకచిహ్నములు వరుసగా కనబడెనేని ఆశ విడువవలసినదే. అక్షరము పోయి, దాని శవచిహ్నము మాత్రము మిగిలినది. అప్పుడు శరణ్యము పాత నకలొక్కటే. ఇంగ్లీషుపుట సరిగా తెఱచుకొన్నది గదాయని చూచి "పని యయినది" అని సంతకము చేయు కార్యదర్శి ఈ సంగతి నెఱుగునా?

చిరునామాల సంగతి మఱువరాదు. ఒక్కొక్క పుటకును ఒక్కొక్క చిరునామా యుండును. ఇతర గ్రంథములు, తీర్పులు, పరిశోధనవ్యాసములు ఆ చిరునామాను చూపుచుండును. క్రొత్త యింటివారు గదులను తమ యిష్టము వచ్చినట్లు సర్దినచో ఆ లంకెలన్నియు గోడకు తగులును. వెబ్బును కల్పించిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే, చిరునామాలు మార్చుట నిర్వాహకుల యలసత్వమేయని వాదించెను. ఎవరు విన్నారు? 2013లో నుండిన వెబ్ పుటలలో నూటికి 38 పుటలు పదేండ్లు గడచునప్పటికి అందకుండెనని ప్యూ పరిశోధన సంస్థ 2024లో ప్రకటించెను. పుట కదలిన చోట "శాశ్వతముగ ఇచటికి మారినది" యని తెలుపు 301 అను గుఱుతు నిలుపుట ప్రతి సర్వరునకును చేతనైన పని. అది చేయనివాడు సోమరి. దాని విలువ వకీలునకు తెలియును. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము ఎలక్ట్రానిక్ దస్తావేజు కోర్టులో సాక్ష్యము కావలెనన్న ధ్రువపత్రము కావలెను. ఆ పత్రములో "హాష్" అను అంకెల ముద్రను గూడ చూపవలెను. అసలునకు నకలునకు నడుమ ఒక్క చుక్క మారినను ఆ ముద్ర మారిపోవును. చట్టమే యీ ముద్రను కోరుచున్నప్పుడు, తరలించిన సరకునకు ముందు వెనుకల ముద్రలు సరిచూడుడని కోరుట అత్యాశ యగునా?

"ఇన్ని చిక్కులున్నప్పుడు ఉన్నచోటనే యుండుట మేలు గదా" అందురేమో. అదియు భ్రమయే. అమెరికాలో లక్షలకొలది పౌరులు తమ పుటలు కట్టుకొన్న జియోసిటీస్ అను నగరమును దాని యజమానులు 2009 అక్టోబరులో మూసివేసిరి. 2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గులో ఓవీహెచ్ సంస్థవారి సర్వరుభవనము అగ్నికాహుతి యయ్యెను. లక్షలాది సైట్లు చీకటిలో పడెను. 2025 సెప్టెంబరు 26వ తేదీన దక్షిణకొరియాలోని డేజోను పట్టణమున ప్రభుత్వపు సర్వరుభవనములో, బ్యాటరీలను తరలించు పనిలోనే మంటలు పుట్టి, ఉద్యోగుల దస్తావేజులు దాచిన జీ-డ్రైవ్ నాశనమయ్యెను. 858 టెరాబైట్ల సరకు! దానికి వెలుపల నకలు లేదు. "ఎన్ఐసీకి చేర్చితిమి, ప్రభుత్వపు కప్పు క్రింద నున్నది, ఇక భయమేల" అనువారికి ఇదియే మా సమాధానము. కప్పు ఎవరిదైనను నిప్పునకు భేదము లేదు.

మన పట్టణమునకు ఈ పాఠము క్రొత్తగా నేర్పవలయునా? 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి వేలాది ప్రాణములను, ఇండ్లను తుడిచిపెట్టిన కథ నేటికిని పాతబస్తీ వృద్ధుల నోట నున్నది. 2009 ఆగస్టు 31వ తేదీన హైకోర్టు భవనములో నిప్పంటుకొని గ్రంథాలయములోని వేలాది పుస్తకములు బూడిదయ్యెను. వరదవచ్చిన ఊరివారు ధాన్యమును ఒకే గాదెలో పోయరు. అసలు ఒక గట్టున, నకలు మఱియొక గట్టున ఉండవలెను. నకలు అసలున్న కప్పు క్రిందనే యుండెనేని అది నకలు గాదు, ఆత్మవంచన.

పుస్తకముల విషయమున జరిగినదానిని చెప్పి ముందుకు పోవుదము. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి 1994లో ట్యూరింగు బహుమానము పొందిన రాజ్ రెడ్డి ప్రభృతులు తలపెట్టిన పదిలక్షల పుస్తకముల ప్రయత్నమునకు అనుబంధముగ, బెంగుళూరి ఐఐఎస్సీ, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ మున్నగు సంస్థలు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాను నిర్మించెను. మన అచ్చుపుస్తకములు వేలకొలది అందులోనికెక్కెను. తెలుగు వికీపీడియా సేవకులు చెమటోడ్చి వాని పట్టికలు కూర్చిరి. తరువాత ఆ సైటు మూతబడెను. పాత చిరునామాలను నమ్ముకొన్న లంకెలు ఉత్తవైపోయెను. పుస్తకములు పూర్తిగా పోలేదన్న, ఇంటర్నెట్ ఆర్కైవులో లక్షలకొలది నకళ్లు చేరియుండుటచేతనే. అనగా మన ప్రజల ధనముతో, మన పండితుల శ్రమతో కూర్చిన నిధిని చూడవలెనన్న నేడు సముద్రముల కావలి ధర్మసత్రము తలుపు తట్టవలసి వచ్చినది. ఆ ధర్మాత్ములకు మా నమస్కారము. కాని పరుల ధర్మము మన కర్తవ్యమునకు బదులగునా? రేపు ఆ సత్రమునకే చిక్కు వచ్చినచో?

ఇక చట్టము మాట. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 148వ సెక్షనులో ఉపనిధిని నిర్వచించినది. అనగా ఒకని సొత్తును మఱియొకడు కొంతకాలము తన యొద్ద నుంచుకొనుట. 151వ సెక్షను, సామాన్య వివేకి తన సొత్తును కాపాడుకొనునంత జాగ్రత్తతో దానిని కాపాడవలెననుచున్నది. 160వ సెక్షను, గడువు తీరగనే అడుగకున్నను తిరిగి యప్పగింపవలెననుచున్నది. ఇవి కంటికి కనబడు వస్తువులకు చెప్పబడిన సూత్రములు. డేటాకు అక్షరాల వర్తించునాయని కోర్టులలో వాదింపవచ్చును. ఆ వాదమునకు చోటీయకుండుటకే ముందుగా ఒప్పందములో వ్రాసికొనవలెను: పేరు సంస్థది, సరకు సంస్థది, నెలకొకసారి పూర్తినకలు సంస్థ చేతికీయవలెను, గడువు తీరినచో ఇన్ని దినములలో సరకునంతయు ఎల్లరు చదువగల రూపమున అప్పగింపవలెను, అప్పగింత ముగిసినదని సంస్థ వ్రాసియిచ్చువఱకు పాత యింటిని చెఱుపరాదు. కిరాయిదారునకు రసీదు అడుగు మనము, లక్షలమంది సొత్తు నప్పగించునప్పుడు కాగితము అడుగమా?

"మాకు అంత విద్య లేదు" అని కార్యదర్శులందురు. కావలసినది గొప్ప విద్య గాదు, క్రమము. ముందుగా ఎన్ని పుటలు, ఎన్ని చిత్రములు, డేటాబేసులో ఎన్ని వరుసలు ఉన్నవో పట్టిక వేయవలెను. పూర్తినకలు రెండు తీసి, ఒకటి తమయొద్ద నుంచుకొనవలెను. క్రొత్త యింటిలో సరకు దింపి, ప్రజలకు తెలియకమున్నే తెలుగు పుటలు, పాత పుటలు, ఫారములు తెఱచి చదువవలెను. డీఎన్ఎస్ పుస్తకములో పాతగుఱుతు ఎంతసేపు జ్ఞాపకముంచుకొనవలెనో తెలుపు గడువు పెక్కుచోట్ల 86,400 సెకండ్లు, అనగా ఒక దినము. దానిని రెండు దినములు ముందుగా 300 సెకండ్లకు తగ్గింపవలెను. లేనిచో కొందఱు పాత యింటికి, కొందఱు క్రొత్త యింటికి పోయి, పాత యింటిలో వేసిన దరఖాస్తులు గాలిలో కలియును. ఆ గడియలలో క్రొత్త వ్రాతలు నిలుపుచేయవలెను. పేరుతో ముడిపడిన ఉత్తరముల పెట్టెకు గూడ క్రొత్త దారి చూపవలెను. పాత యింటి కిరాయిని ఇంకొక నెల చెల్లించి, ఎవరేమి పోయినదనిరో విని సరిదిద్ది, పిమ్మట తాళము అప్పగింపవలెను. పెండ్లివారి సామాను సర్దు పెద్దముత్తైదువకు ఇంతకన్న ఎక్కువ క్రమము తెలిసియుండును.

"ఖర్చు" అనువారికి ఒక్క మాట. వార్షికోత్సవమున పూలదండలకు, శాలువలకు చేయు వ్యయములో కొంత చాలును, ఒక నకలును ఏడాది కాపాడుటకు. "చూచువారెవరు" అనువారికి మఱియొక మాట. నూఱేండ్ల క్రిందటి పత్రిక సంచికను నేడు వెదకువాడొక్కడే కావచ్చును. ఆ యొక్కని కొఱకే గ్రంథాలయము తలుపు తెఱచియుండవలెను. అందఱు చదువు దానిని అంగడివాడైనను కాపాడును. ఒక్కడు చదువు దానిని కాపాడుటయే ప్రజాసంస్థ ధర్మము.

స్వాతంత్ర్యము వచ్చిన దేశములో పౌరుడు తన సొత్తు లెక్క అడుగుట అవిధేయత గాదు. కావున పఠనమందిర సభ్యులును, సభల సామాన్యసభ్యులును, రైతుసోదరులును మా మాటను మన్నించి, తమ తమ సంస్థల రాబోవు సర్వసభ్య సమావేశములలో లేచి మూడు ప్రశ్నలడుగుదురుగాక. మన పేరు ఎవరి పేర నమోదైనది? మన సరకు పూర్తినకలు నేడెవరి చేత నున్నది, దానిని తెఱచి చూచిన తేదీ ఏది? ఇల్లు మారిననాడు పాత బాటలన్నియు క్రొత్త తలుపునకు చేర్చునా? జవాబు చెప్పలేని కార్యవర్గము తరలింపునకు పూనుకొనరాదు. జవాబు చెప్పనొల్లని కార్యవర్గము ఆసనముననే యుండరాదు.